నిండిందా, నిండుకుందా

“సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఇవి కూడా యాత్రకు పోయే ఊళ్ళేనా?” అని, నేను సంచీ సర్దుకుంటుంటే, మా ఆయన నవ్వాడు. నవ్వితే నవ్వనీ. కాశీకి పోయొచ్చినప్పుడు నాకు ఒళ్ళునొప్పులు తప్ప ఏమీ మిగల్లేదు. ఈ మూడూళ్ళు తిరిగొచ్చాక మాత్రం, వంటింట్లో బియ్యం డబ్బా మూత తీసినప్పుడల్లా గుండె ఒక్కసారి దడదడమంటుంది. ఎందుకో చెప్పాలంటే మొదట్నుంచీ రావాలి.

నేను హనుమకొండలో ఉద్యోగమంతా హిందీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. ఢిల్లీ నుంచి పార్లమెంటు కమిటీ ఒకటి కాలేజీలు చూడటానికి వస్తోందనీ, సభ్యులకు తెలుగు రాదనీ, నేను దుబాసీగా వెంట ఉండాలనీ ఫోనొచ్చింది. కాలేజీలకిచ్చే సర్కారు డబ్బు ఏమవుతోంది, కాగితం మీద ఉన్న సీట్లలో నిజంగా కూర్చునే పిల్లలెందరు, హాస్టళ్ళలో చోటు ఎవరికి దొరుకుతోంది. ఇవీ ఆ కమిటీ అడిగే ప్రశ్నలు. ఇంట్లో కూర్చుని సీరియళ్ళతో పోట్లాడే బదులు ఇదేదో బాగుందనిపించి సరేనన్నాను.

కమిటీ అంటే గుంపు అనుకున్నాను. వచ్చినవాళ్ళు తక్కువే. వాళ్ళలో నోరు విప్పేది చైర్మన్ గారొక్కరే. ఉత్తరాది పెద్దాయన, తెల్లటి మీసం, మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆయన వెంట కార్తీక్ అనే యువ అధికారి. తల్లిదండ్రులది కాకినాడే గాని పుట్టి పెరిగింది ఢిల్లీలో. తెలుగు వచ్చు, చాలా శుద్ధంగా వచ్చు. “మేడం, మీరు అల్పాహారం స్వీకరించారా?” అని అడుగుతాడు. నాకు నవ్వాగదు.

సూర్యాపేట: వడ ఖతం

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే ప్రతివాడూ సూర్యాపేటలో చాయ్ కోసం ఆగుతాడు, కానీ ఊళ్ళోకి పోయేవాడు అరుదు. మేమూ ముందు హోటల్లోనే ఆగాం. ఇడ్లీ మెత్తగా ఉంది, పల్లీల చట్నీ మా హనుమకొండ కంటే ఒక మెట్టు కారం. చైర్మన్ గారు వడ అడిగారు. వడ్డించేవాడు లోపలికి చూసి “వడ ఖతం సార్!” అని కేకేశాడు.

చైర్మన్ గారి మొహం వికసించింది. “మేడం జీ, దీనికి మీ అవసరం లేదు. మీవాళ్ళూ అయిపోతే ఖతం అంటారన్నమాట” అన్నారు. నేనూ నవ్వి తలూపాను. ఆ తలూపుడు నాకెంత పని పెట్టిందో తర్వాత తెలిసింది.

మేం పోయిన కాలేజీ ప్రైవేటుది. డిగ్రీ ఆఖరు సంవత్సరం గది కిటకిటలాడుతోంది. ప్రిన్సిపాల్ గారు చేతులు కట్టుకుని, సీటు ఒక్కటి కూడా ఖాళీ లేదని చెప్పారు, నేను అనువదించాను. చైర్మన్ గారు ముందు బెంచీలోని అమ్మాయిని అడిగారు: “ఈ చదువయ్యాక ఏం చేస్తావమ్మా?”

ఆ పిల్ల లేచి నిలబడి, ఎంతో ఉత్సాహంగా, “ఇంటర్ అయినంక డిగ్రీల చేరుత సార్” అంది.

ప్రిన్సిపాల్ గారు నా వైపు చూశారు. ఆ చూపులో బతిమాలటం ఉంది, బెదిరింపూ ఉంది. దుబాసీకి చెవి, నోరు రెండే ఉండాలి, మనసు ఉండకూడదంటారు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. పక్క జూనియర్ కాలేజీ నుంచి తోలుకొచ్చి కూర్చోబెట్టిన పిల్లలని తేలడానికి ఎంతోసేపు పట్టలేదు.

వరండాలో ప్రిన్సిపాల్ గారు నా వెంట పడ్డారు. “మీరు జర మెత్తగ చెప్తె ఏంబోయె మేడం? ఫీజు పైసలు పైనుంచి వస్తలెవ్వు. లెక్చరర్లకు జీతాలియ్యలే. పిల్లలు లేరంటె ఉన్నది గూడ ఆపుతరు. నేనేం నా ఇంటికి ఎత్కపోతున్ననా?”

నాకు కోపం రావాలి గాని జాలేసింది. అరిగిపోయిన కాలర్ చొక్కా ఆయనది. అయినా ఏం చేయను? తర్వాత ఆయన చైర్మన్ గారి ముందు మొదట పిల్లలు పొరపాటున వచ్చారన్నారు, తర్వాత కలిపి క్లాసు అన్నారు, చివరికి ఏడ్చినంత పని చేశారు.

కార్లో చైర్మన్ గారు కార్తీక్‌తో అన్నారు: “ఇక నుంచి మనిషి మొదట అన్న మాటే నాకు సాక్ష్యం. తర్వాత ఎవరో నేర్పితే మార్చుకున్న మాట కాదు.” నాకు ఆ మాట సబబుగానే తోచింది.

సాయంత్రం నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. రోజంతా మైకు లేకుండా అరిచిన గొంతు. దాని మీద బజారులో వేడివేడి మిర్చి బజ్జీలు, వాటి మీద చల్లటి గోలీసోడా. సోడా బుడ్డి ఇరవై రూపాయలు. మా ఊళ్ళో కంటే ఎక్కువని బేరమాడాను కూడా. బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా చేసే పనేనా?

కోదాడ: గొంతు పోయిన రోజు

కోదాడలో తెల్లారి లేచి “కార్తీక్” అని పిలుద్దామంటే గాలి తప్ప ఏమీ రాలేదు. మాటలు అమ్ముకుని బతకడానికి వచ్చినదాన్ని, సరుకు లేకుండా నిలబడ్డాను.

“మీరు విశ్రాంతి తీసుకోండి మేడం. ఇవాళ నేను అనువదిస్తాను” అన్నాడు కార్తీక్. సంతోషపడ్డాను, నిజం చెప్తున్నా. పిల్లవాడు నన్ను దవాఖానకు పంపి తను కాలేజీ హాలుకు పోయాడు.

కోదాడకు వచ్చేసరికి మాట మారుతుంది. ఆంధ్ర సరిహద్దు పక్కనే కదా, మనవాళ్ళ ‘ఉంటది’ పక్కన వాళ్ళ ‘అండి’ వచ్చి కూర్చుంటుంది. డాక్టరు గారు నా గొంతులోకి లైటు వేసి “ఏం తిన్నరండి?” అని అడిగారు. సోడా సంగతి సైగలతో చెప్పాను. “రెండ్రోజులు మాట్లాడకండి. మాట్లాడితే గొంతు మొత్తానికి పోతదండి” అని భయపెట్టి, బిళ్ళలిచ్చి పంపారు. ఎదురుగా హోటల్లో పూరీ, బొంబాయి చట్నీ ఘుమఘుమలాడుతున్నాయి. వేడినీళ్ళు తాగి ఏడుపు మొహంతో గెస్ట్‌హౌస్‌కు తిరిగొచ్చాను.

మధ్యాహ్నం దాటాక కార్తీక్ వచ్చాడు, విజయం సాధించినవాడిలా. వరండాలో చాయ్ తాగుతూ అంతా చెప్పాడు. డిగ్రీ చదివే ఆడపిల్లల హాస్టల్ ఒకటుంది, అందులో సగం మంచాలు ఖాళీ. హాస్టల్ చాలా దూరమని అక్కడికి పోలేదు, వార్డెన్‌నే హాలుకు పిలిపించారు. “బియ్యం నిల్వ పుష్కలంగా ఉందట మేడం. అయినా పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోతున్నారట. అందుకే చైర్మన్ గారు ఆ హాస్టల్ సీట్లు సూర్యాపేటకు మార్చమని సిఫారసు చేయబోతున్నారు. అక్కడ సీట్ల కోసం ఎదురుచూసేవాళ్ళు ఎక్కువట.”

సరే, ఢిల్లీ లెక్కలు మనకెందుకు అనుకున్నాను. చాయ్ గ్లాసు కింద పెట్టకముందే గేటు దగ్గర ఇద్దరు కనిపించారు.

ఒకామె నలభై దాటిన మనిషి, మెడలో సన్నటి సిలువ గొలుసు, అదే హాస్టల్ వార్డెన్ సుజాత. కాంట్రాక్టు ఉద్యోగం. పక్కన చదువుకునే అమ్మాయి శిరీష. మఠంపల్లి దగ్గర పల్లె, తండ్రి సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగు పని. నన్ను వెతుక్కుంటూ వచ్చారట, ఎవరో తెలుగు మేడం ఉందని విని.

“మేడం, నేను ఏం తప్పు మాట్లాడిన?” అంది సుజాత. “పిల్లలెందుకుంటలేరని అడిగిన్రు. ఉన్నమాటే చెప్పిన. మాటిమాటికి బియ్యం నిండుకుంటున్నయ్ సార్, పిల్లలు ఇండ్లకు పోతున్నరు అన్న. గా మాటకు హాస్టల్ ఎత్తేస్తరా?”

నిండుకుంటున్నయ్!

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. కార్తీక్ వైపు తిరిగాను. గొంతు లేదు, గుసగుసగా అరిచాను: “ఏమని చెప్పావు నాయనా ఆయనకు?”

“బియ్యం ఎప్పుడూ నిండుగా ఉంటున్నాయని. నిండు అంటే పూర్తిగా కదా మేడం? నిండు కుండ, నిండు చందమామ...”

అయ్యో దేవుడా! మీకు నేను చెప్పనక్కర్లేదు. మన ఇళ్ళల్లో బియ్యం అయిపోయాయని ఏ ఆడమనిషీ అనదు. ఖాళీ డబ్బా ముందు నిలబడి నిండుకున్నాయంటుంది. ఢిల్లీలో పెరిగిన పిల్లవాడికి ఆ సంగతి ఎవరు చెప్తారు? ‘నిండు’ పట్టుకున్నాడు, పైగా వాక్యం అతకడానికి మధ్యలో ‘అయినా’ అని ఒక్క ముక్క తనే కలిపాడు. ఆ ముక్కతో హాస్టల్ మొత్తం తలకిందులైంది.

శిరీష అప్పటిదాకా మాట్లాడలేదు. “సూర్యాపేట అయితే మా నాన్న పంపడు మేడం” అంది మెల్లగా. “కోదాడ అయితేనే సదువు, లేకపోతే లేదని మొదట్నే చెప్పిండు. ఊరి నుంచి రోజు బస్సుల వస్తె ల్యాబులు అందవు. నేను బీఎస్సీ రెండో సంవత్సరం. ఇంకొక్క ఏడాదైతే అయిపోతది.” కళ్ళల్లో నీళ్ళు లేవు. అవి ఉన్నా బాగుండేది, నాకింత భయం వేసేది కాదు.

అప్పుడే లోపల్నుంచి చైర్మన్ గారు బయటికొచ్చారు. వార్డెన్ నా చేయి పట్టుకుని ఉండటం చూశారు. ఆయన మొహం సూర్యాపేట కాలేజీలోలా మూసుకుపోయింది.

ఉన్న కాస్త గొంతుతో చెప్పాను. ఆ మాటకు అర్థం అది కాదు, మా భాషలో ఇంట్లో వస్తువు అయిపోతే నిండుకుంది అంటాం, దీపం ఆరిపోతే ఆరిందనం, కొండెక్కింది అంటాం...

“దీపం కొండ ఎక్కుతుందా?” అన్నారాయన.

“అవునండీ.”

“ఖాళీ అయితే నిండింది అంటారు. ఆరితే కొండెక్కింది అంటారు.” ఆయన ఒక్కో మాటా తూచినట్టు అన్నారు. “కానీ మేడం జీ, సూర్యాపేటలో వడ అయిపోతే ఖతం అన్నారు. నా చెవులతో విన్నాను. మీరు కూడా తలూపారు.”

“అది హోటల్. ఇది ఇల్లు” అన్నాను. నాకే నమ్మబుద్ధి కాని జవాబు.

“మాట మారలేదు, అర్థం మారింది. ఎప్పుడు మారింది? వాళ్ళు వచ్చి మిమ్మల్ని కలిశాక.” కోపంగా అనలేదు, అలసటగా అన్నారు. “రేపు మిర్యాలగూడలో భోజనం కాగానే నా సిఫారసు నోట్ చెప్పి రాయించేస్తాను. మీరు ఎవరినైనా అడిగి చెప్పించే జవాబు నాకక్కర్లేదు. నేర్పిన జవాబులు చాలా చూశాను.” లోపలికి పోయారు.

ఒళ్ళు మండిపోయింది నాకు. కానీ నిన్న ఆ డిగ్రీ పిల్లల నాటకం చూసినాక, ఆయన స్థానంలో నేనున్నా అలాగే అనేదాన్నేమో. సుజాతను, శిరీషను గేటు దాకా సాగనంపాను. ధైర్యం చెప్పడానికి గొంతు లేదు, చెప్పే ధైర్యమూ లేదు.

హుజూర్‌నగర్ దారి

మర్నాడు పొద్దున హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బయలుదేరాం. కిటికీ బయట కనుచూపు మేర వరి. గరిడేపల్లి వైపు పొలాలు కోతకు వచ్చి పచ్చగా, పసుపుగా కలిసిపోయి ఉన్నాయి. రోడ్డు పక్కన ధాన్యం ఆరబోశారు. మా హనుమకొండ దగ్గర పత్తి చూసి చూసి ఉన్న కళ్ళకు ఈ వరి కన్నులపండుగే.

మిర్యాలగూడ దగ్గరపడేసరికి రైసు మిల్లులు మొదలయ్యాయి. ధాన్యం లారీలు వరసకట్టి నిలబడ్డాయి. గాలిలో ఊక ధూళి, ఉప్పుడు బియ్యం వాసన. చైర్మన్ గారు కారు ఆపించి, దిగి, ఒక మిల్లు ముందు గుట్టగా పోసిన ధాన్యాన్ని చూస్తూ నిలబడ్డారు.

“ఇంత బియ్యం పండే చోట పిల్లల హాస్టల్లో బియ్యం లేవంటే ఎవరు నమ్ముతారు మేడం జీ?” అన్నారు.

మూడో మనిషిని అడిగి చెప్పిస్తే ఆయన ఒప్పుకోరు. నేను చెబితే నమ్మరు. ఎవరూ అడక్కుండా, ఎవరూ నేర్పకుండా, ఆ మాట ఆయన చెవిలో పడాలి. ఎలా పడుతుంది?

కార్తీక్ నా పక్కన తల దించుకుని కూర్చున్నాడు. “రాత్రి అమ్మకు ఫోన్ చేశాను” అన్నాడు చిన్నగా. “ఆ మాట తనకు తెలుసట. ఢిల్లీలో ఎవరికీ అర్థం కాదని మా ముందు ఎప్పుడూ అనలేదట. తనూ ‘ఖతం హో గయా’ అనే అంటుంది. సర్‌కు చెప్పాను. మీ అమ్మ కూడా ఇప్పుడే చెప్పిందా అన్నారు.”

ఆ పిల్లవాడి మీద ఉన్న కాస్త కోపమూ పోయింది.

మిర్యాలగూడ: పుంటికూర పచ్చడి

పొద్దున కాలేజీలో అడగాల్సినవన్నీ అడిగారు. నేను గొంతు కూడదీసుకుని అనువదించాను. భోజనం కాలేజీ పాలకవర్గంలో ఒకాయన ఇంట్లో. ఆయన మిల్లు యజమాని, ఇల్లు పెద్దది. వంటవాళ్ళున్నా వడ్డన మాత్రం ఇంటి ఆడవాళ్ళే చేస్తారట, అది వాళ్ళ మర్యాద. కోడలు వడ్డిస్తోంది, ఇంగ్లీషు చదువుల అమ్మాయి, చకచకా తిరుగుతోంది. అత్తగారు వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని అన్నీ చూస్తోంది. డెబ్బై దాటి ఉంటుంది, కళ్ళు మాత్రం డేగ కళ్ళు.

అన్నం, పప్పు, బీరకాయ కూర, చేపల పులుసు, పుంటికూర పచ్చడి. గోంగూరను మావైపు పుంటికూర అంటారు. ఒక గాజు గిన్నెలో పచ్చడి తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆ గిన్నెను చూడగానే నాకు వెలిగింది.

ఇల్లు కదా ఇది! ఇంట్లో ఏదైనా అయిపోతే ఏమంటారు?

వెంటనే పచ్చడి వేయించుకున్నాను. పుండు పడ్డ గొంతులో పుంటికూర పులుపు దిగితే ఎలా ఉంటుందో మీకెవరికీ తెలియకూడదని కోరుకుంటున్నా. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. “ఇంకొంచెం వెయ్యమ్మా” అన్నాను. కోడలు సంబరంగా వేసింది. తిన్నాను. “ఇంకొంచెం.” పక్కనున్న కార్తీక్ నా వైపు వింతగా చూసి, గొంతు చూపించి సైగ చేశాడు. నేను వాడి విస్తరి వైపు, గిన్నె వైపు కళ్ళతో చూపించాను. వాడికి ఏమర్థమైందో గాని, వాడూ పచ్చడి అడిగాడు. కారానికి మొహం ఎర్రగా కందిపోయింది, అయినా మళ్ళీ అడిగాడు.

చైర్మన్ గారు మజ్జిగన్నంలోకి వచ్చేశారు. ఆయన చేయి కడుక్కుంటే నోట్, నోట్ అయితే హాస్టల్ పోయినట్టే. నేను నాలుగోసారి చేయి చాచాను. నన్ను తిండిపోతు అనుకుని ఉంటారు అందరూ. అనుకోనీ.

కోడలు గిన్నె వంచి చూసింది.

“సారీ ఆంటీ, పచ్చడి అయిపోయింది.”

నా చేయి అలాగే విస్తరి మీద పడిపోయింది. అయిపోయిందట! ఇంత పులుపు మింగి, గొంతు చీల్చుకుని, చివరికి అయిపోయిందట! కొత్తకాలం పిల్ల, ఆమె తప్పేముంది? చైర్మన్ గారు గ్లాసు ఎత్తి నీళ్ళు తాగుతున్నారు.

అప్పుడు గుమ్మంలోంచి కేక వినిపించింది.

“అయిపోయిందేందే! అన్నం కాడ గా మాట అంటరా? నిండుకుంది అనాలె. మిల్లు నడిచే ఇంట్ల అయిపోయిందంటవా? నిండుకుంది అను!”

“సారీ అత్తమ్మా. నిండుకుంది ఆంటీ” అంది కోడలు సిగ్గుపడుతూ, గిన్నె నా వైపు వంచి చూపిస్తూ. గిన్నె అడుగు తళతళలాడుతోంది.

చైర్మన్ గారి గ్లాసు గాలిలో ఆగింది. నిన్నట్నుంచీ నేనూ కార్తీకూ ఆయన చెవిలో రొద పెడుతున్న మాట కదా. “నిండుకుంది” అన్నారాయన, మెల్లగా, తనకు తాను చెప్పుకున్నట్టు. నా వైపు చూశారు. నేను తల వంచుకుని విస్తరి చూసుకుంటున్నాను. ఒక్క ముక్క మాట్లాడలేదు. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం అదే మొదలు.

ఆయన లేచి, గిన్నె కోడలి చేతిలోంచి తీసుకుని, లోపలికి చూశారు. గిన్నె పట్టుకునే ఆ పెద్దామె దగ్గరికి నడిచి, “నిండుకుంది?” అని అడిగారు.

“అవు సార్, నిండుకుంది” అందామె నొచ్చుకుంటూ. “ఏమనుకోకుర్రి. బియ్యమైనా పసుపైనా మా ఇండ్లల్ల లేదని అనం. జర ఆగుర్రి, ఇంకింత నూరిపిస్త.”

కార్తీక్ అనువదించాడు. ఈసారి ఒక్క ముక్క కూడా కలపలేదు.

మళ్ళీ కోదాడ

నోట్ అక్కడే మారిపోతుందనుకున్నాను. చైర్మన్ గారు అలాంటి మనిషి కాదు. “మాటకు అర్థం తెలిసింది. బియ్యం సంగతి ఇంకా తెలియదు. పదండి, కోదాడ మీంచే పోదాం. నా కళ్ళతో చూస్తాను” అన్నారు. నేరుగా హైదరాబాద్ పోవలసిన కార్లు వచ్చిన దారినే తిరిగాయి. పద్ధతి ప్రకారం మేం వస్తున్నామని స్థానిక అధికారులకు ఫోను పోయింది. ఆ ఫోను విన్నప్పుడే అనుకున్నాను, మేం చేరేసరికి అక్కడ అన్నీ సర్దేసి ఉంటారని.

అనుకున్నంతా అయింది. మేం హాస్టల్ వీధిలోకి తిరిగేసరికి ఒక ట్రాలీ ఆటో గేటులోంచి ఖాళీగా బయటికి వస్తోంది. లోపల సామాన్ల గది తలుపు బార్లా తెరిచి ఉంది. గోడకు ఆనించి, ఒకదాని మీద ఒకటి, కొత్త బియ్యం బస్తాలు. పక్కనే హాస్టళ్ళ అధికారి ఒకాయన రుమాలుతో మెడ తుడుచుకుంటూ, “చూడండి సార్, స్టాకు ఫుల్లు” అన్నాడు ముసిముసిగా నవ్వుతూ.

ఇప్పుడు ఏమని చెప్పాలి? నిన్న కార్తీక్ చెప్పిన అబద్ధం ఇవాళ నిజమై కూర్చుంది. శిరీష, ఇంకా పదిమంది ఆడపిల్లలు వరండా స్తంభాల పక్కన నిలబడి చూస్తున్నారు. సుజాత తలుపు దగ్గర, చేతులు కట్టుకుని, ఆ అధికారి ఎదురుగా. ఆమె ఉద్యోగం ఆయన సంతకం మీద ఉంది. ఆయన ఆమెనే చూస్తున్నాడు.

చైర్మన్ గారు బస్తాల మీద చేయి వేసి చూశారు. తర్వాత సుజాత వైపు తిరిగి, కార్తీక్ చేత అడిగించారు: “బియ్యం ఉన్నాయా అమ్మా?”

సుజాత ఆ అధికారిని చూసింది. పిల్లల వైపు చూసింది. లేవంటే ఎదురుగా బస్తాలున్నాయి. ఉన్నాయంటే హాస్టల్ పోయినట్టే. ఆమె కొంగు భుజం మీద సర్దుకుంది.

“ఇయ్యాల నిండినయ్ సార్” అంది. “నిన్నటిదాంక నిండుకున్నయ్.”

కార్తీక్ నోరు తెరిచాడు. చైర్మన్ గారు చేయెత్తి ఆపారు. “అవసరం లేదు. అర్థమైంది” అన్నారు. బస్తాల వైపు చూసి, రుమాలు అధికారి వైపు చూసి, హిందీలో అన్నారు: “సూర్యాపేటలో పిల్లల్ని అరువు తెచ్చారు. ఇక్కడ బియ్యాన్ని తెచ్చారు.”

ఆ మాటను తెలుగులో చెప్పే భాగ్యం నాదే. రెండ్రోజులుగా పోయిన గొంతు ఎక్కడ్నుంచి వచ్చిందో గాని, పిల్లలందరికీ వినపడేట్టు చెప్పాను. అధికారి రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నోట్ అక్కడే, సామాన్ల గది గుమ్మంలో నిలబడి చెప్పారు చైర్మన్ గారు. సీట్లు కదిలించే మాట తీసేశారు. బియ్యం ఎందుకు ఆగుతున్నాయో రాతపూర్వకంగా జవాబు కావాలన్నారు. నిజం చెప్పినందుకు వార్డెన్ ఉద్యోగానికి ఏమైనా అయితే తనే అడుగుతానని, అదీ రాయించారు. సుజాత గోడకు ఆనుకుని మొహం కొంగులో దాచుకుంది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

“తినిపోండి మేడం” అంది శిరీష, నా చేయి పట్టుకుని. కార్లు బయట హారను కొడుతున్నాయి. కొట్టనీ అనుకున్నాను. పిల్లల పక్కన నేల మీదే కూర్చున్నాను. నోట్ రాయించేలోపు, ఇవాళొచ్చిన బియ్యంతో వండిన అన్నం, పల్చటి చారు. శిరీష వడ్డించింది, అయిపోకముందే మళ్ళీ గరిటె తెచ్చింది.

“ఇంకొంచెం పెట్టనా?”

“చాలు బిడ్డా” అన్నాను. “కడుపు నిండింది.”

ఆ పిల్ల గరిటె అలాగే పట్టుకుని, అనుమానంగా నా విస్తరిలోకి తొంగిచూసింది. “నిండిందా మేడం, నిండుకుందా?”